సెల్ఫ్ అప్పుడప్పుడే ఎందుకు మొరాయిస్తుంది?

మా పికప్ తెల్లవారుజామున ఒక్క తాళానికే స్టార్ట్ అవుతుంది. మార్కెట్‌లో టమాటా దించి, అరగంట తర్వాత తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుంటుంది. బాగా చల్లారాక మళ్లీ మామూలే. మెకానిక్ ముందు ఎప్పుడూ మొరాయించదు. కొత్త బ్యాటరీ వేయించినా లాభం లేదు. ఎందుకిలా? లోపం పట్టుకోవడం ఎలా?

ఎందుకు?

హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 10 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. డీజిల్ ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లకు పైనే లాగుతుంది. టెర్మినల్ దగ్గర చిలుము పట్టి, ఓములో నూరో వంతు నిరోధం చేరిందనుకోండి. లైట్లు వేసినప్పుడు అక్కడ పోయేది 0.1 వోల్టే, కంటికి తేడా తెలియదు. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం 2 వోల్టులు పోతాయి. అందుకే లైట్లు, హారన్ బాగా పనిచేసినంత మాత్రాన కనెక్షన్లు బాగున్నట్టు కాదు.

దీనికి వేడి తోడవుతుంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 90కి చేరితే దాదాపు నాలుగో వంతు ఎక్కువవుతుంది. బండి ఆపగానే గాలి తగలడం ఆగిపోయి, ఇంజిన్ వేడి పక్కనే ఉన్న సెల్ఫ్‌కు మెల్లగా ఎక్కుతుంది. మెకానిక్ దగ్గర ఆపిన వెంటనే తాళం తిప్పి చూస్తారు. అప్పటికి ఆ వేడి ఇంకా పూర్తిగా ఎక్కి ఉండదు. లోపం అందుకే దొరకదు.

ముందు విని, చూసి

హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి.

టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీలో చార్జి తక్కువ, లేదా టెర్మినల్ లూజు.

ఒక్క ‘టక్’ వినిపించి లైట్లు తగ్గకపోతే సోలనాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) లోపలి కాంటాక్టులు కాలి ఉండొచ్చు, మోటారు కార్బన్లు అరిగి ఉండొచ్చు, సెల్ఫ్‌కు వెళ్లే కేబుల్లోనో ఎర్త్‌లోనో లోపం ఉండొచ్చు.

శబ్దమే రాకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, ఫ్యూజు, సోలనాయిడ్‌కు వెళ్లే సన్న వైరు చూడాలి. కొన్ని బండ్లలో క్లచ్ పెడల్ స్విచ్ కూడా ఉంటుంది.

మీటరుతో ఎలా?

బండి న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. బండి వాడకుండా ఉన్నప్పుడు బ్యాటరీ సుమారు 12.6 చూపాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే దిగితే ముందు బ్యాటరీని పరీక్షించాలి.

ఆ తర్వాత మీటరు ప్రోబ్ ఒకదాన్ని బ్యాటరీ ప్లస్ మీద, అంటే క్లాంపు మీద కాకుండా సరిగ్గా సీసపు పోస్టు మీద ఆనించండి. రెండోది సెల్ఫ్ దగ్గర లావు కేబుల్ బిగించిన బోల్టు మీద పెట్టి, తాళం తిప్పమనండి. 0.5 వోల్టు దాటితే లోపం ఆ దారిలోనే ఉంది. అలాగే సెల్ఫ్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. 0.2, 0.3 దాటితే ఎర్త్ లోపం. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి రావడానికి ఎర్త్ కేబులే దారి. చాలామంది చూడకుండా వదిలేసేది దాన్నే.

ఈ రెండూ బాగుంటే సోలనాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య కొలవండి. ‘టక్’మన్నాక కూడా 12 దగ్గరే చూపితే లోపలి కాంటాక్టులు కలవడం లేదు. దాదాపు సున్నా చూపినా మోటారు తిరగకపోతే కార్బన్ల వంతు. కాంటాక్టులు కలవడం లేదని తేలితే, సోలనాయిడ్ మార్చేముందు సన్న వైరుకు తాళం తిప్పినప్పుడు కనీసం 10 వోల్టులు అందుతున్నాయేమో చూడండి.

కేబుల్‌ను ఓముల్లో కొలిచి బాగుందని నిర్ణయించకండి. లోపల తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు సున్నా దగ్గరే చూపుతుంది. ఆ ఒక్క పోగు 200 ఆంపియర్లను మాత్రం మోయలేదు.

మీ బండి లక్షణాలను బట్టి మొదట ఎర్త్, తర్వాత సోలనాయిడ్ చూడమని నా సలహా. మీటరు బండిలోనే ఉంచుకోండి. మార్కెట్‌లో మొరాయించినప్పుడు అక్కడే, ఆ వేడి మీదే కొలిచి, అంకెలు రాసి మెకానిక్‌కు ఇవ్వండి. సరుకు మీద బతికేవాళ్లకు బండి ఆగడమే నష్టం. దానికి తోడు అక్కర్లేని స్పేర్ పార్టులకు డబ్బు పోయకండి. మీటరు చూపిన చోటే విప్పించండి.