డూమ్ గేమ్: పాత డాస్ గేమ్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఓపెన్ కావట్లేదా? లోపం మీ కంప్యూటర్‌ది కాదు.. ఇలా చేస్తే చాలు

పాత సీడీల డబ్బా సర్దుతుంటే ‘డూమ్’ గేమ్ దొరికింది. లేదంటే ఎప్పుడో దాచుకున్న హార్డ్‌డిస్క్‌లో ఆ ఫోల్డర్ కనిపించింది. ఉత్సాహంగా కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టి క్లిక్ చేస్తే.. ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అనే మెసేజ్! 4 ఎంబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఆడిన గేమ్, 16 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఎందుకు ఆడదు? చాలామందికి వచ్చే డౌట్ ఇదే. అసలు కారణం ఏంటి, గేమ్‌ను మళ్లీ ఎలా నడిపించాలి అనేది ఇప్పుడు తెలుసుకుందాం.

అసలు ఏంటీ డూమ్?

అమెరికాలోని టెక్సాస్‌కు చెందిన ఐడీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ 1993 డిసెంబర్ 10న ఈ గేమ్‌ను విడుదల చేసింది. జాన్ కార్మాక్, జాన్ రొమేరో ఇందులో కీలక వ్యక్తులు. మొదటి భాగాన్ని షేర్‌వేర్ పద్ధతిలో ఉచితంగా ఇచ్చారు. నచ్చితే మిగతా భాగాలు కొనుక్కోవాలి. తుపాకీ పట్టుకున్న చేయి స్క్రీన్ కింద కనిపిస్తూ, ఆడేవారి కళ్లతోనే ఆటంతా చూపించే షూటర్ గేమ్స్ ప్రపంచమంతా పాకడానికి ఈ గేమే పెద్ద కారణం.

కొత్త పీసీలో ఎందుకు నడవదు?

డూమ్‌ను డాస్ కోసం రాశారు. ఆ రోజుల్లో గేమ్ నేరుగా సౌండ్ కార్డుతో, వీడియో కార్డుతో మాట్లాడేది. ఇప్పటి విండోస్‌లో ఏ ప్రోగ్రామ్‌కూ అలాంటి అనుమతి ఉండదు. ఏది కావాలన్నా విండోస్‌ను అడిగి తీసుకోవాల్సిందే. పైగా డాస్ ప్రోగ్రామ్‌లను నడిపే భాగం 64 బిట్ విండోస్‌లో అసలు లేనే లేదు. అంటే మీ ల్యాప్‌టాప్‌కు శక్తి లేక కాదు, ఆ పాత భాష రాక గేమ్ ఆగిపోతోంది. కాబట్టి దీనికోసం గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిన పని లేదు. మార్గాలు రెండున్నాయి.

మొదటి మార్గం: డాస్‌బాక్స్

డాస్‌బాక్స్ అనేది ఉచిత ప్రోగ్రామ్. మీ కంప్యూటర్ లోపలే ఒక పాత కంప్యూటర్‌ను సృష్టిస్తుంది. పాత ప్రాసెసర్, పాత సౌండ్ కార్డు అన్నీ ఉన్నట్టు గేమ్‌ను నమ్మిస్తుంది. గేమ్ ఫోల్డర్‌ను హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని, అందులోని డూమ్ ప్రోగ్రామ్ ఫైల్‌ను మౌస్‌తో లాగి డాస్‌బాక్స్ ఐకాన్ మీద వదిలితే చాలు. గేమ్ మొదలవుతుంది.

సౌండ్ రాకపోతే గేమ్ ఫోల్డర్‌లోని సెటప్ ప్రోగ్రామ్‌ను కూడా ఇలాగే తెరవండి. సౌండ్ కార్డుగా సౌండ్ బ్లాస్టర్‌ను ఎంచుకుని పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1 అని పెట్టండి. డాస్‌బాక్స్ మామూలుగా ఇచ్చే అంకెలు ఇవే.

గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే కంట్రోల్, ఎఫ్12 కలిపి నొక్కితే స్పీడ్ పెరుగుతుంది. మరీ పెంచితే సౌండ్ చిట్‌పట్‌మంటుంది. అప్పుడు కంట్రోల్, ఎఫ్11తో కాస్త తగ్గించాలి. ఫుల్ స్క్రీన్ కావాలంటే ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కాలి.

మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారా?

చాలామంది గమనించని విషయం ఇది. డూమ్ చిత్రం సైజు 320x200 చుక్కలు. కానీ ఆనాటి డబ్బా మానిటర్లు దాన్ని 4:3 ఆకారంలోకి సాగదీసి చూపించేవి. అంటే ఒక్కో చుక్క వెడల్పు కంటే ఎత్తు 20 శాతం ఎక్కువగా ఉండేది. ఇప్పటి స్క్రీన్‌లో ఆ సాగదీత లేకపోతే రాక్షసులు అణిగిపోయినట్టు కనిపిస్తారు. డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఫైల్‌లో ‘యాస్పెక్ట్’ అనే ఆప్షన్‌ను ‘ట్రూ’ అని మార్చితే సరి. అప్పుడు స్క్రీన్‌కు రెండు పక్కలా నల్లటి ఖాళీ వస్తుంది. అది లోపం కాదు, అసలు ఆకారం అదే.

రెండో మార్గం: సోర్స్ పోర్ట్

రోజూ ఆడాలనుకునేవారికి ఇదే బెస్ట్. 1997 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ డూమ్ ప్రోగ్రామ్ కోడ్‌ను బయటపెట్టింది. 1999లో దానికి జీపీఎల్ లైసెన్స్ ఇచ్చింది. అప్పటి నుంచి ప్రపంచవ్యాప్తంగా అభిమానులు ఆ కోడ్‌ను తీసుకుని కొత్త విండోస్, మ్యాక్, లైనక్స్‌లకు తగ్గట్టు మార్చుకుంటూ వస్తున్నారు. వీటినే సోర్స్ పోర్ట్‌లు అంటారు. ముఖ్యమైనవి మూడు.

* చాక్లెట్ డూమ్: 1993లో ఎలా ఉందో అచ్చం అలాగే. పాత తప్పులను కూడా అలాగే ఉంచారు.
* క్రిస్పీ డూమ్: రూపం పాతదే, కానీ చిత్రం స్పష్టత రెట్టింపు. అసలు గేమ్ సెకనుకు 35 ఫ్రేములే చూపేది. ఇందులో ఆ పరిమితి తీసేసి మృదువుగా ఆడుకోవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది.
* జీజెడ్‌డూమ్: వైడ్ స్క్రీన్, పైకి కిందికి చూడటం, దూకడం, అభిమానులు చేసిన కొత్త మార్పులు.. అన్నీ ఉంటాయి. దీనికి కాస్త మంచి గ్రాఫిక్స్ కావాలి. అయితే పాత లెవెల్స్‌ను దూకే ఆటగాడి కోసం కట్టలేదు. దూకితే దారి తప్పే అవకాశం ఉంది.

మొదటిసారి ఆడేవారు క్రిస్పీ డూమ్‌తో మొదలుపెట్టడం మంచిది.

ఆ ఒక్క ఫైల్ లేకపోతే ఆట లేదు

సోర్స్ పోర్ట్ అంటే ఇంజిన్ మాత్రమే. లెవెల్స్, బొమ్మలు, శబ్దాలు అన్నీ ‘వాడ్’ అనే ఫైల్‌లో ఉంటాయి. కోడ్ ఉచితమైనా ఈ ఫైల్‌కు కాపీరైట్ ఇంకా ఉంది. మీ పాత సీడీలో గేమ్ ఉంటే ఆ ఫైల్‌ను తీసి సోర్స్ పోర్ట్ ఫోల్డర్‌లో పెట్టండి. సీడీలు కాలక్రమంలో పాడవుతాయి కాబట్టి ముందు ఒక కాపీ చేసుకోవడం మర్చిపోవద్దు. సీడీ లేకపోతే స్టీమ్, జీఓజీ లాంటి స్టోర్లలో గేమ్ కొనుక్కోవచ్చు. 2024 ఆగస్టులో డూమ్, డూమ్ 2 కలిపి కొత్త కంప్యూటర్లకు సరిపడేలా విడుదల చేశారు. ఏ తంటా వద్దనుకునేవారికి అదే సులువు.

రూపాయి ఖర్చు లేకుండా చూడాలంటే షేర్‌వేర్ మొదటి భాగం చాలు. ఆ ఫైల్ సైజు సుమారు 4 ఎంబీనే. అభిమానులు సొంతంగా బొమ్మలు, లెవెల్స్ తయారుచేసిన ‘ఫ్రీడూమ్’ కూడా పూర్తిగా ఉచితం.

జాగ్రత్త: ‘ఫుల్ గేమ్ ఫ్రీ’ అంటూ కనిపించే సైట్ల జోలికి వెళ్లొద్దు. అక్కడ గేమ్‌తో పాటు వైరస్ కూడా రావచ్చు. ముఖ్యంగా ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని చెప్పారంటే అక్కడితో ఆగిపోండి. బ్యాంకు లావాదేవీలు చేసే ల్యాప్‌టాప్‌ను ఒక పాత గేమ్ కోసం ప్రమాదంలో పెట్టడం అవసరమా? డాస్‌బాక్స్ అయినా, సోర్స్ పోర్ట్ అయినా వాటి అధికారిక సైట్ నుంచే తీసుకోండి.

ఆడేటప్పుడు వచ్చే చిన్న చిక్కులు

1. పాత కంట్రోల్స్‌లో పరుగెత్తడానికి షిఫ్ట్ నొక్కాలి. వరుసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ ‘స్టిక్కీ కీస్’ బాక్స్ తెరుస్తుంది. సరిగ్గా రాక్షసుడు ఎదురైనప్పుడే ఇది వస్తుంది! సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ముందే ఆఫ్ చేసుకోండి.

2. మౌస్ ముందుకు తోస్తే మనిషి కూడా ముందుకు నడుస్తాడు. అప్పట్లో అలాగే ఉండేది. చాక్లెట్, క్రిస్పీ డూమ్ సెటప్‌లో మౌస్ నిలువు కదలికను ఆపేస్తే ఈ ఇబ్బంది పోతుంది.

3. స్క్రీన్ చీకటిగా ఉంటే గేమ్‌లో ఎఫ్11 నొక్కండి. వెలుతురు పెరుగుతుంది.

4. ఒక పోర్ట్‌లో సేవ్ చేసిన ఆట మరో పోర్ట్‌లో ఓపెన్ అవుతుందని అనుకోవద్దు. సగంలో మారితే మళ్లీ మొదటికే రావాల్సి రావచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. బొమ్మలు పాతవైనా ఇందులో రక్తపాతం ఎక్కువ. చిన్నపిల్లల చేతికి ఇచ్చే గేమ్ కాదు.

ఇంతకీ ఇన్నేళ్ల తర్వాత కూడా డూమ్ ఎలా బతికుంది? అమ్మకాలు అయ్యాక కోడ్‌ను బీరువాలో పెట్టి తాళం వేయకుండా నలుగురికీ ఇచ్చారు కాబట్టి. కోడ్ బయటకు రాని పాత గేమ్స్‌కు సోర్స్ పోర్ట్‌లు రావడం చాలా కష్టం. వాటికి డాస్‌బాక్స్ లాంటివే దిక్కు. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులైతే ఆ కోడ్‌ను ఉచితంగా తెరిచి చదువుకోవచ్చు కూడా. ఇక ఆలస్యం ఎందుకు, ఆ సీడీ మీద దుమ్ము దులపండి!