మనసులోని మాట చెప్పు వినోదము



పాఠశాల వార్షికోత్సవములయందును, పండుగనాటి సభలయందును ఎదుటివారి మనసులోని మాటను కనిపెట్టి చెప్పు వినోదమును మీరు చూచియేయుందురు. మీ గ్రామమందలి ఉపాధ్యాయుడో, ఉత్సాహవంతుడగు బాలుడో అట్టిదొకటి ప్రదర్శింపదలచి మీ సలహా నడిగినచో, దేని నెన్నుకొమ్మని చెప్పవలెను? ఈ విషయమును గూర్చి నా అనుభవమునుబట్టి కొంత మనవి చేసెదను.

ఈ వినోదములకు మూలము యుక్తియేగాని దివ్యదృష్టి కాదు. ఆ యుక్తులలో ముఖ్యమైనవి మూడు తెఱగులు.

మొదటిది ఇద్దరు కూడి చేయునది. ఒకరు సభలో తిరుగుచు ప్రేక్షకుని వస్తువును చేతబట్టి ప్రశ్నింతురు. కన్నులకు గంత కట్టుకొన్న రెండవవారు వేదికపైనుండి దాని పేరు చెప్పుదురు. రహస్యమంతయు ప్రశ్నలోని మాటలయందే యుండును. “చెప్పుము” అనిన ఉంగరము, “వెంటనే చెప్పుము” అనిన నాణెము అని ముందుగా ఏర్పాటు చేసికొందురు. 20వ శతాబ్ది ప్రారంభమున జాన్సిగ్ దంపతులు ఇట్టి విద్యయందు మిక్కిలి పేరుపొందిరి. కాని ఇందులకు బహుకాలము జంటగా సాధన చేయవలెను.

రెండవది చేయి పట్టుకొని దాచిన వస్తువును కనుగొనుట. వస్తువు దాచినవాడు దానినే తలచుకొనుచుండగా, అతని చేయి అతనికి తెలియకయే ఆ వైపునకు ఒకింత మొగ్గును. 1880 తరువాతి సంవత్సరములలో స్టూవర్టు కంబర్లాండు అను ఆంగ్లేయుడు దీనిని ప్రదర్శించి, తాను కండరముల కదలికను గుర్తించుచున్నాననియు, ఇందు మహిమ యేమియు లేదనియు చెప్పెడివాడు. ఇట్టి కదలికలను పశువులును గ్రహింపగలవు. బెర్లిను నగరమున హాన్సు అను గుఱ్ఱము గిట్టతో నేలను తట్టి లెక్కలకు జవాబు చెప్పుచున్నదని 1904లో గొప్ప సంచలనము కలిగెను. ప్రశ్నించువాడు సరియైన సంఖ్య రాగానే తల కొంచెము కదల్చుచున్నాడనియు, అది చూచి గుఱ్ఱము ఆగుచున్నదనియు పుంగ్‌స్టు అను పరిశోధకుడు కనిపెట్టి 1907లో ప్రకటించెను. ఈ విద్య సూక్ష్మమైనది. కొత్తవానికి సభలో తప్పుట సులభము.

మూడవది గణితముపై ఆధారపడినది. ఇందు హస్తలాఘవము అక్కరలేదు. రెండవ మనిషి అక్కరలేదు. మొదటిసారి చేయువానికి ఇదియే తగినది.

కొన్ని సంవత్సరముల క్రిందట నేనును దీనినే ఎన్నుకొంటిని. అయితే అందొక తప్పు చేసితిని. అయిదు అట్టముక్కలపై నక్షత్రముల పేర్లు వ్రాసి, ప్రేక్షకులు తమ జన్మనక్షత్రమును తలచుకొనగా దానిని చెప్పితిని. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. మరునాడు తెల్లవారకముందే ఒక రైతు భార్యతో గూడ వచ్చి, తాంబూలములో రెండు రూపాయలుంచి, ఇల్లు విడిచిపోయిన కుమారుడు ఏ దిక్కున నున్నాడో చెప్పుమని వేడుకొనెను. అది కేవలము ఆటయని చెప్పినను నమ్మలేదు. “దక్షిణ చాలలేదా బాబుగారూ? ఈ పూటకు ఇదే యున్నది” అనెను. నేను సిగ్గుతో క్రుంగిపోతిని. ఆ అట్టముక్కలను వారి ముందు పరచి, కిటుకు చెప్పి, అతనిచేతనే నా నక్షత్రమును చెప్పించితిని. అప్పటికిగాని అతడు నమ్మలేదు. పిమ్మట కుమారుని ఆనవాళ్లతో పోలీసు ఠాణాకు అర్జీ వ్రాసియిచ్చి పంపితిని.

నాటినుండి నక్షత్రములను మాని భారతపర్వములను పట్టుకొంటిని. ఏ పర్వము తలచుకొన్నను దానినిబట్టి ఎవరును తమ భవిష్యత్తు నడుగరు. మన పెద్దలకు పదునెనిమిది పర్వముల వరుసయు కంఠస్థమే గదా.

దీని విధానము వినుడు. అయిదు అట్టముక్కలు తీసికొని యిట్లు వ్రాయవలెను.

మొదటిదానిపై: ఆది, అరణ్య, ఉద్యోగ, ద్రోణ, శల్య, స్త్రీ, ఆనుశాసనిక, ఆశ్రమవాస, మహాప్రస్థానిక.
రెండవదానిపై: సభా, అరణ్య, భీష్మ, ద్రోణ, సౌప్తిక, స్త్రీ, అశ్వమేధ, ఆశ్రమవాస, స్వర్గారోహణ.
మూడవదానిపై: విరాట, ఉద్యోగ, భీష్మ, ద్రోణ, శాంతి, ఆనుశాసనిక, అశ్వమేధ, ఆశ్రమవాస.
నాల్గవదానిపై: కర్ణ, శల్య, సౌప్తిక, స్త్రీ, శాంతి, ఆనుశాసనిక, అశ్వమేధ, ఆశ్రమవాస.
అయిదవదానిపై: మౌసల, మహాప్రస్థానిక, స్వర్గారోహణ.

ప్రేక్షకుడు ఒక పర్వమును తలచుకొని, అది యున్న అట్టముక్కలను మాత్రము మీకు తిరిగి యిచ్చును. ప్రతిదానియందును మొదటి పేరు చూడుడు. ఆది 1, సభ 2, విరాటము 4, కర్ణము 8, మౌసలము 16. చేతికి వచ్చినవాటిని కూడుడు. విరాటము, కర్ణము మొదటగా గలవి రెండే వచ్చినచో 4, 8 కలిసి 12. పండ్రెండవది శాంతిపర్వము. మొత్తము 18కి మించినచో ప్రేక్షకుడు పొరబడెనన్నమాట. మరల చూడుమని నెమ్మదిగా చెప్పవలెను. మొదటి పేరు తక్క మిగిలినవాటిని వరుస తప్పించి వ్రాసినచో కిటుకు త్వరగా బయటపడదు.

ఇది యెట్లు కుదురుచున్నది? 1, 2, 4, 8, 16 వీశెల తూనికరాళ్లు అయిదున్నచో, ఒకటి మొదలు 31 వీశెలవరకు ఏ బరువునైనను తూచవచ్చును. ప్రతి బరువునకును రాళ్ల కూర్పు ఒక్కటియే యుండును. పర్వము యొక్క సంఖ్యకు ఏ రాళ్లు కావలెనో, ఆ అట్టముక్కలపైననే దాని పేరు వ్రాసితిమి. అంతకుమించి ఇందేమియు లేదు.

కిటుకు చెప్పినచో రక్తి చెడునని కొందరందురు. నా అనుభవము వేఱు. ఆట ముగిసిన పిమ్మట ఒక బాలుని పిలిచి, అతనిచేతనే చేయించి, తూనికరాళ్ల సంగతి చెప్పినచో సభ రెండవమారు ఆశ్చర్యపడును. మొదటి ఆశ్చర్యము ప్రదర్శకుని జూచి కలుగును, రెండవది గణితమును జూచి.

కావున మిమ్మెవరైన సలహా అడిగినప్పుడు మూడు సంగతులు విచారింపుడు. సామగ్రి స్వల్పముగా నున్నదా? తప్పు వచ్చినచో దిద్దుకొను మార్గమున్నదా? అన్నిటికంటె ముఖ్యముగా, నేడు చప్పట్లు కొట్టినవాడు రేపు తన కష్టము చెప్పుకొనుటకు ఆ ప్రదర్శకుని వాకిటికి వచ్చునట్టి భ్రాంతి యిందులో నున్నదా? ఉన్నచో ఆ వినోదము ఎంత మనోహరమైనను వలదని చెప్పుడు.