పియానో మెట్లు – సప్తస్వరాలు

బెంగుళూరు నగరానికి ఆగ్నేయ దిశలో, అగర చెరువుకు ఆనుకొని ఉన్న పేట హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్. హోసూరు, సర్జాపురం అనే ఊళ్ళ పేర్లలోని మొదటి అక్షరాలే దాని పేరులోనూ నిలిచాయి. కన్నడం, తెలుగు, తమిళం, హిందీ మాట్లాడే కుటుంబాలు అక్కడ ఇరుగు పొరుగుగా నివసిస్తున్నాయి. అటువంటి పేటలో సాయంకాలం వేళ ఒక ఇంట పిల్లలు శ్రుతిపెట్టె ముందు కూర్చొని సరళీ వరుసలు పాడుతుంటే, పక్కింట మరొకరు పియానో నేర్చుకుంటూ ఉండడం వింత కాదు. మొదటిది కర్ణాటక సంగీతం, రెండవది పాశ్చాత్య సంగీతం. రెండింటికీ స్వరాలు ఏడే. మరి ఆ ఏడు స్వరాలూ ఈ ఏడు స్వరాలూ ఒకటేనా? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు పియానో ఎలా పలుకుతుందో తెలుసుకోవాలి.

పియానోను సుమారు 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో బార్తొలోమియో క్రిస్టొఫొరి అనే వాద్య నిర్మాత తయారుచేశాడు. అంతకు ముందున్న హార్ప్‌సికార్డ్ అనే వాద్యంలో మెట్టు నొక్కితే చిన్న ములుకు తీగను మీటేది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ధ్వనిలో పెద్దగా తేడా ఉండేది కాదు. క్రిస్టొఫొరి తీగను మీటడం మాని, చిన్న సుత్తితో కొట్టించాడు. దానితో మెత్తని ధ్వని, బిగ్గరైన ధ్వని రెండూ పలికాయి. ఇటాలియన్ భాషలో 'పియానో' అంటే మెత్తగా, 'ఫోర్టె' అంటే బిగ్గరగా అని అర్థం. 'పియానోఫోర్టె' అన్న పేరే కాలక్రమాన 'పియానో' అయింది.

పియానో మెట్టు పొలంలోని ఏతం వంటిది. ఏతానికి ఒక కొన దిగితే రెండవ కొన లేస్తుంది. అలాగే వేలు మెట్టును నొక్కగానే లోపలి కొన పైకి లేచి, ఉన్ని దట్టంగా చుట్టిన కొయ్య సుత్తిని తీగ వైపు విసురుతుంది. సుత్తి తీగను తాకీ తాకకముందే మెట్టు పట్టు నుండి విడిపోతుంది. తీగను కొట్టి వెంటనే వెనుకకు పడుతుంది. గుడిగంటను కొట్టి దానిమీద చేయి ఆనిస్తే మోత ఆగిపోతుంది కదా! సుత్తి తీగమీదనే నిలిచిపోతే ఇక్కడా అంతే జరుగుతుంది. మెట్టును నొక్కి ఉంచినంతసేపు తీగ మోగుతుంది. వేలు తీయగానే మెత్తని దిమ్మ ఒకటి తీగపై వాలి, మోతను ఆపుతుంది.

మంద్ర స్వరాల తీగలు పొడవుగా, రాగి చుట్టుతో బరువుగా ఉంటాయి. తారస్థాయి తీగలు పొట్టిగా, సన్నగా ఉంటాయి. పెద్ద పియానోలో సుమారు 230 తీగలుంటాయి. అవన్నీ కలిసి లాగే బలం 15 టన్నులకు మించుతుంది. అందుకే వాటిని పోత ఇనుప చట్రానికి బిగిస్తారు. తీగల కంపనాన్ని కింద ఉన్న పలుచని కొయ్య పలక అందుకొని పెద్దది చేస్తుంది. వీణకు కుండ చేసే పని ఇదే.

పియానోకు మొత్తం 88 మెట్లు. వాటిలో 52 తెల్లవి, 36 నల్లవి. ఒక స్థాయిలో ఏడు తెల్ల మెట్లు, అయిదు నల్ల మెట్లు, వెరసి పన్నెండు. కర్ణాటక సంగీతంలోని స్వరస్థానాలు కూడా పన్నెండే. పాశ్చాత్యులు 'సి' అని పిలిచే తెల్ల మెట్టును షడ్జమంగా తీసుకొని, వరుసగా తెల్ల మెట్లనే వాయిస్తే 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణం స్వరాలు వినిపిస్తాయి. పాశ్చాత్యుల 'మేజర్ స్కేల్' ఇదే. అవే తెల్ల మెట్లను రెండవ మెట్టు నుండి మొదలుపెడితే ఖరహరప్రియ, మూడవ దాని నుండి తోడి, నాల్గవ దాని నుండి కల్యాణి, అయిదవ దాని నుండి హరికాంభోజి, ఆరవ దాని నుండి నటభైరవి స్వరాలు వస్తాయి. మెట్లు మారలేదు, షడ్జమం మారింది, రాగం మారింది. దీనినే మన వారు గ్రహభేదం అన్నారు. ఏడవ మెట్టు నుండి మొదలుపెడితే పంచమం దొరకదు. కనుక అది మేళకర్త కాదు. నల్ల మెట్లు కూడా ఇటువంటివే. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటి దానిని షడ్జమం చేసి వాయిస్తే మోహనం, రెండవ దాని నుండి మధ్యమావతి, మూడవ దాని నుండి హిందోళం స్వరాలు పలుకుతాయి.

ఇంతవరకు రెండు సంగీతాలూ ఒకటే అనిపిస్తాయి. కాని తేడా ఇక్కడే ఉంది. షడ్జమానికి సెకనుకు 240 కంపనాలు అనుకొంటే, తంబూరా నాదంలో కలిసిపోయే అంతర గాంధారానికి 300 కంపనాలు ఉండాలి. పియానో గాంధారానికి సుమారు 302.4 ఉంటాయి. రెండూ కలిసి మోగితే నాదం నిలకడగా ఉండక అలలు అలలుగా వణుకుతుంది. పంచమానికి 360 ఉండవలసిన చోట పియానోలో సుమారు 359.6 ఉంటాయి. ఇది పొరపాటు కాదు. ఏ మెట్టునైనా షడ్జమం చేసుకొనే వీలు కలగాలని పాశ్చాత్యులు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు. ఆ సౌకర్యం కోసం స్వరశుద్ధిని కొంత వదులుకొన్నారు.

రెండవ తేడా గమకం. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతుంది. వీణకు కూడా మెట్లున్నాయి. క్రీ.శ. 1550లో విజయనగర రాజ్యంలో రామామాత్యుడు రచించిన 'స్వరమేళకళానిధి'లో ఆ మెట్ల అమరికను గురించిన చర్చ ఉంది. కాని వైణికుడు మెట్టుమీద తీగను పక్కకు లాగి గమకాన్ని పలికించగలడు. పియానో తీగ పెట్టె లోపల ఉంటుంది; వాద్యకారుని వేలు దానిని తాకదు.

అందువల్లనే ఐరోపా నుండి వచ్చిన వాద్యాలలో వయొలిన్ మన కచేరీలో స్థిరపడింది. దానికి మెట్లు లేవు. వేలు ఎక్కడ ఆగితే అక్కడే స్వరం. విజయనగరం సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) ఆ వాద్యంతో దేశమంతటా కీర్తి గడించాడు. మెట్ల వాద్యమైన హార్మోనియం తెలుగు నాటక పద్యానికి ప్రాణమైనా, గమకం పలకదన్న కారణంగా ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది. 1971లో ఆ నిషేధాన్ని సడలించింది.

అయితే రెండు సంగీతాలను ప్రేమించినవారు లేకపోలేదు. మైసూరు చివరి మహారాజు జయచామరాజ ఒడెయరు (1919–1974) పియానో వాదనంలో శిక్షణ పొందాడు. మెట్నర్ అనే రష్యన్ స్వరకర్త రచనలు రికార్డు కావడానికి ధనసహాయం చేశాడు. ఆయనే కర్ణాటక రాగాలలో కృతులు కూడా రచించాడు. ఒకదానిని నేర్వడానికి మరొకదానిని విడవనక్కరలేదని ఆయన జీవితం చెబుతున్నది.

పక్క పక్క ఇళ్ళలో రెండు భాషలు మాట్లాడినట్లే, రెండు సంగీతాలూ పక్క పక్కన వర్ధిల్లగలవు. పియానో మెట్టు స్వరం ఉండే చోటును చూపుతుంది. ఆ చోటు నుండి ఈ చోటికి స్వరం నడిచే తీరును గొంతు, వీణ నేర్పుతాయి.

అర్థాలు
మంద్రం = కింది స్థాయి
గమకం = స్వరాన్ని ఊపి పలికించే తీరు
వైణికుడు = వీణ వాయించేవాడు
వెరసి = మొత్తం కలిపి

ప్రశ్నలు
1. పియానో మెట్టును రచయిత దేనితో పోల్చాడు? ఎందుకు?
2. గ్రహభేదం అంటే ఏమిటి? ఒక ఉదాహరణతో వివరించండి.
3. వయొలిన్ కర్ణాటక సంగీతంలో స్థిరపడడానికి, పియానో స్థిరపడకపోవడానికి కారణాలేమిటి?
4. మీ ఇరుగు పొరుగున వినిపించే వాద్యాల పేర్లు సేకరించండి. వాటిలో మెట్లు ఉన్నవాటిని, లేనివాటిని వేరు చేసి రాయండి.