క్షిపణులను విప్పడమూ ఓ విద్యే!

ఆయుధాలు తయారుచేసేవాళ్ల గురించి రోజూ వింటుంటాం. మరి తయారైన ఆయుధాన్ని జాగ్రత్తగా విప్పి, కోసి, మళ్లీ ఎప్పటికీ పనికిరాకుండా చేసేవాళ్ల సంగతి? సోవియట్ యూనియన్ విడిపోయాక సరిగ్గా ఇదే పని పెద్దఎత్తున జరిగింది. నిన్నటిదాకా శత్రువులుగా ఉన్నవాళ్లే పక్కపక్కన నిలబడి చేశారు. సివిల్స్, గ్రూప్-1 లాంటి పరీక్షలకు చదువుతున్నవారికీ, సైన్సు, విదేశీ భాషలు, అంతర్జాతీయ వ్యవహారాల్లో భవిష్యత్తు వెతుక్కుంటున్నవారికీ ఈ కథలో తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

1991 డిసెంబరులో ప్రపంచ పటం నుంచి ఓ పెద్ద దేశం మాయమైంది. దాని స్థానంలో 15 దేశాలు వచ్చాయి. జెండాలు మారాయి, జాతీయ గీతాలు మారాయి. భూమిలో నిలువుగా దించిన క్షిపణులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఒకే దేశానికి చెందిన అణ్వాయుధాలు తెల్లారేసరికి రష్యా, ఉక్రెయిన్, కజకిస్థాన్, బెలారస్ అనే నాలుగు దేశాల్లో తేలాయి.

లెక్క చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఉక్రెయిన్‌లో 176 ఖండాంతర క్షిపణులు, సుమారు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు ఉన్నాయి. ఆ ఒక్క నిల్వే ప్రపంచంలో మూడో అతిపెద్దది. కజకిస్థాన్‌లో 104 భారీ ఎస్ఎస్-18 క్షిపణులు ఉంటే, బెలారస్‌లో లారీల మీద ఎక్కడికైనా తరలించగల ఎస్ఎస్-25 క్షిపణులు 81 ఉన్నాయి. మరోపక్క రూబుల్ విలువ పడిపోతోంది. వాటికి కాపలా కాసే సైనికులకు జీతాలు అందడం లేదు. ఏ వార్‌హెడ్ ఎవరి చేతికి చిక్కుతుందోనన్నదే ప్రపంచం భయం.

ఇద్దరు సెనేటర్ల ఆలోచన

అప్పుడు అమెరికాలో ఇద్దరు సెనేటర్లు ముందుకొచ్చారు. జార్జియాకు చెందిన శామ్ నన్ డెమోక్రాట్. ఇండియానాకు చెందిన రిచర్డ్ లూగర్ రిపబ్లికన్. పార్టీలు వేరైనా ఇద్దరి వాదనా ఒక్కటే. ఆ ఆయుధాలను ఎదుర్కోవడానికి మనం కొత్తవి తయారుచేసుకునే కంటే, వాటిని విప్పడానికి వాళ్లకే డబ్బులివ్వడం చవక అన్నారు.

‘పాత శత్రువుకి మన పన్నుల సొమ్ము ఎందుకు?’ అన్నవాళ్లు లేకపోలేదు. అయినా చట్టం నెగ్గింది. 1991 డిసెంబరు 12న సంతకం అయింది. రక్షణ బడ్జెట్‌లోంచి 40 కోట్ల డాలర్ల వరకు వాడుకునే వీలు కల్పించారు. ఇదే తర్వాత సహకార ముప్పు తగ్గింపు కార్యక్రమంగా స్థిరపడింది. జనం నోట్లో మాత్రం నన్-లూగర్ కార్యక్రమమే.

పేరులోని ‘సహకారం’ అన్న మాటను గమనించండి. ఓడిన దేశం నుంచి ఆయుధాలు లాక్కోవడం కాదిది. విప్పేది వాళ్ల ఇంజినీర్లే, కోసేది వాళ్ల కార్మికులే. యంత్రాలు, కటింగ్ పరికరాలు, ఇంధన ట్యాంకులు, రైలు పెట్టెలకు రక్షణ ఏర్పాట్లు, శిక్షణ మాత్రం బయటి నుంచి వచ్చాయి.

ఊరికే ఇచ్చేశారా?

లేదు. ఇక్కడే దౌత్యం అసలు పని మొదలైంది. 1992 మే 23న లిస్బన్ ప్రొటోకాల్ మీద సంతకాలయ్యాయి. ఉక్రెయిన్, కజకిస్థాన్, బెలారస్‌లు అణ్వాయుధాలు లేని దేశాలుగా ఎన్‌పీటీలో చేరతామని ఒప్పుకున్నాయి. అయితే ఉక్రెయిన్ పార్లమెంటులో చాలామందికి ఇది మింగుడుపడలేదు. ‘మా భద్రత సంగతేంటి? వార్‌హెడ్లలోని యురేనియం విలువ మాటేంటి?’ అని గట్టిగా అడిగారు. క్షిపణులు వాళ్ల నేల మీదే ఉన్నా, వాటిని ప్రయోగించే నియంత్రణ మాస్కో చేతిలో ఉండేది. వార్‌హెడ్ల నిర్వహణకు కావాల్సిన వ్యవస్థ కూడా ప్రధానంగా రష్యాలోనే ఉంది.

చివరికి 1994 జనవరి 14న మాస్కోలో క్లింటన్, యెల్ట్సిన్, క్రావ్‌చుక్ త్రైపాక్షిక ప్రకటన మీద సంతకం చేశారు. వార్‌హెడ్లు రష్యాకు వెళ్తాయి, బదులుగా ఉక్రెయిన్ అణువిద్యుత్ కేంద్రాలకు ఇంధనం వస్తుంది. అదే ఏడాది డిసెంబరు 5న బుడాపెస్ట్ మెమొరాండం కుదిరింది. ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని అమెరికా, బ్రిటన్, రష్యా మాటిచ్చాయి.

కజకిస్థాన్ నుంచి 1995లో, ఉక్రెయిన్ నుంచి 1996 జూన్ 1 నాటికి, బెలారస్ నుంచి 1996 నవంబరులో వార్‌హెడ్లన్నీ రష్యాకు చేరాయి. 1996 జూన్ 4న ఉక్రెయిన్‌లోని పెర్వొమైస్క్ దగ్గర, క్షిపణి ఉన్న చోటే అమెరికా, రష్యా, ఉక్రెయిన్ రక్షణ మంత్రులు ముగ్గురూ కలిసి పొద్దుతిరుగుడు మొక్కలు నాటారు.

క్షిపణిని ఎలా విప్పుతారు?

ఇంజినీరింగ్ విద్యార్థులూ, ఇది మీకోసం. ముందుగా వార్‌హెడ్లను వేరుచేసి రైళ్లలో పంపేస్తారు. తర్వాత వచ్చేది అసలు తలనొప్పి, ఇంధనం. ఎస్ఎస్-18, ఎస్ఎస్-19 లాంటివి ద్రవ ఇంధన క్షిపణులు. వాటిలో హెప్టైల్ అని పిలిచే యూడీఎంహెచ్‌ను, దాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్‌ను వాడతారు. ఈ రెండూ కలిస్తే చాలు, నిప్పు అక్కర్లేకుండానే భగ్గుమంటాయి. పైగా రెండూ విషపూరితాలే. ఇదే కుటుంబానికి చెందిన ఇంధనంతోనే శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్ఎల్‌వీ రెండో దశ పనిచేస్తుంది. ఎంత జాగ్రత్తగా వాడాలో మన ఇస్రో ఇంజినీర్లను అడిగితే చెబుతారు. అలాంటి ఇంధనాన్ని వందల క్షిపణుల్లోంచి చుక్క కూడా ఒలకకుండా తోడి, నిల్వ చేసి, నిర్వీర్యం చేయాలి. ఎస్ఎస్-24 లాంటి ఘన ఇంధన క్షిపణులది ఇంకో చిక్కు. వాటిలోంచి తోడడానికి ద్రవం ఉండదు, గట్టిపడిన ఇంధనాన్ని మోటారులోంచి తొలగించాలి.

ఇంధనం తీశాక క్షిపణి కవచాన్ని దాదాపు సమానమైన రెండు ముక్కలుగా కోస్తారు. నాజిల్‌ను కూడా కోసేస్తారు. ఇక క్షిపణి నిలబడ్డ సైలో వంతు. స్టార్ట్-1 ఒప్పందం ప్రకారం దాన్ని కనీసం 6 మీటర్ల లోతు వరకు పేల్చేయాలి. లేదంటే కనీసం 8 మీటర్ల లోతు వరకు తవ్వి తీసేయాలి. ఆ తర్వాత వెంటనే పూడ్చకూడదు! 90 రోజులు అలాగే తెరిచి ఉంచాలి. అవతలి దేశం ఉపగ్రహాలు పైనుంచి చూసి నిర్ధారించుకోవాలి కదా! ఉక్రెయిన్‌లో చివరి సైలోను 2001 అక్టోబరు 30న పేల్చేశారు.

‘నమ్ముతాను, కానీ చూసి నమ్ముతాను’ అన్నది ఈ రంగంలో మొదటి సూత్రం. అందుకే ఇందులో కొలత, ఫొటో, సంతకం, సాక్షి అన్నీ ఉంటాయి.

బాంబు నుంచి బల్బు దాకా

తీసిన యురేనియం ఏమైంది? ఆయుధాల్లో వాడే యురేనియంలో యూ-235 వాటా దాదాపు 90 శాతం ఉంటుంది. విద్యుత్ రియాక్టర్లకు 4-5 శాతం సరిపోతుంది. చిక్కటి పాలలో నీళ్లు కలిపినట్టు, దాన్ని పలచబరిస్తే కరెంటు ఇచ్చే ఇంధనం అవుతుంది. 1993లో అమెరికా, రష్యా కుదుర్చుకున్న ఒప్పందం కింద 500 టన్నుల యురేనియాన్ని ఇలా మార్చారు. అది సుమారు 20,000 వార్‌హెడ్లకు సమానం. 2013లో ఈ కార్యక్రమం ముగిసేదాకా అమెరికా కరెంటులో దాదాపు పదో వంతు ఈ ఇంధనం నుంచే వచ్చేది. ఒకప్పుడు ఆ దేశ నగరాల మీద వేయడానికి సిద్ధం చేసిన బాంబులే ఆ నగరాల్లో దీపాలు వెలిగించాయన్నమాట.

క్షిపణులన్నీ తుక్కు కూడా కాలేదు. ఎస్ఎస్-18లలో కొన్ని నెప్ర్ అనే రాకెట్లుగా మారి ఉపగ్రహాలను మోశాయి. 2014 జూన్‌లో ఒక్కసారే 33 ఉపగ్రహాలతో నెప్ర్ ఎగిరింది.

మరి మనుషుల సంగతి?

క్షిపణిని కోయొచ్చు. దాన్ని తయారుచేసిన తెలివిని కోయలేం. అణు రహస్యాలు తెలిసిన వేలమంది శాస్త్రవేత్తలు జీతాల్లేక అల్లాడారు. రష్యాలోని స్నెజిన్‌స్క్ అణ్వాయుధ ప్రయోగశాల డైరెక్టర్ వ్లాదిమిర్ నెచాయ్ 1996 అక్టోబరులో ఆత్మహత్య చేసుకున్నారు. తన సిబ్బందికి నెలల తరబడి జీతాలు ఇవ్వలేకపోయిన బాధ ఆయన్ను అప్పటికే కుంగదీసింది.

ఇలాంటివాళ్లు పొట్టకూటి కోసం వేరే దేశాలకు బాంబు విద్య అమ్ముకోకుండా ఉండాలంటే వాళ్లకు గౌరవమైన పని కావాలి. అందుకే అమెరికా, ఐరోపా, జపాన్, రష్యా కలిసి మాస్కోలో అంతర్జాతీయ సైన్స్, టెక్నాలజీ కేంద్రాన్ని పెట్టాయి. పౌర అవసరాలకు పరిశోధన చేస్తే గ్రాంటు ఇచ్చేవారు. ఆ కేంద్రం ఇప్పుడు కజకిస్థాన్ రాజధాని అస్తానా నుంచి పనిచేస్తోంది.

కజకిస్థాన్‌లో పని కేవలం క్షిపణులతో ఆగలేదు. ఉల్బా కర్మాగారంలో దాదాపు 600 కిలోల హెచ్చు శుద్ధి యురేనియం ఉన్నట్టు తేలింది. 31 మంది నిపుణుల బృందం వారాల తరబడి దాన్ని ప్యాక్ చేసింది. 1994 నవంబరులో భారీ సి-5 విమానాల్లో రహస్యంగా అమెరికాకు తరలించింది. ‘ప్రాజెక్ట్ సఫైర్’ ఇదే. 456 అణుపరీక్షలు జరిగిన సెమిపలాటిన్‌స్క్‌లో మరో కథ. అక్కడి డెగెలెన్ కొండ సొరంగాల్లో ప్లుటోనియం మిగిలిపోయింది. రాగి తీగల కోసం తుక్కు ఏరుకునేవాళ్లు అదే సొరంగాల్లోకి దూరుతున్నారు! మూడు దేశాల శాస్త్రవేత్తలు కలిసి 2012 నాటికి దాన్ని కాంక్రీటుతో భద్రం చేశారు.

ఉక్రెయిన్ మోసపోయిందా?

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే ఏం చెబుతారు? 2014లో క్రిమియాను రష్యా కలిపేసుకుంది. 2022 ఫిబ్రవరిలో పూర్తిస్థాయి దాడికి దిగింది. ‘ఆయుధాలు ఉంచుకుని ఉంటే ఇలా జరిగేదా?’ అని ఉక్రెయిన్‌వాళ్లు అడగడం సహజం. ఆ బాధలో న్యాయం ఉంది. రష్యా ఇచ్చిన మాట తప్పిందన్నది కాదనలేని నిజం.

అయితే రెండో వైపూ చూడాలి. నియంత్రణ తన చేతిలో లేని, నిర్వహించే స్తోమత లేని ఆయుధాలను ఉంచుకుని ఉంటే కొత్త దేశం పుట్టగానే ఒంటరిదయ్యేది. తప్పు ఆయుధాలు విప్పడంలో ఉందా, లేక వాటికి బదులుగా రాసుకున్న కాగితంలో ఉందా? బుడాపెస్ట్ మెమొరాండం ఇంగ్లిష్ ప్రతిలో ఉన్న మాటకు ‘భరోసా’ అని అర్థం. యుద్ధం వస్తే సైన్యంతో కాపాడతామనే ‘గ్యారంటీ’ కాదు. ఉక్రెయిన్, రష్యన్ భాషల ప్రతుల్లో మాత్రం గ్యారంటీ అనే అర్థమిచ్చే మాటే ఉంది. ఒక్క మాట తేడాకు ఎంత బరువుందో చూశారా! అనువాదం, అంతర్జాతీయ న్యాయం చదివేవాళ్లు చిన్న పని చేస్తున్నామని అనుకోవద్దు.

సహకారం కూడా శాశ్వతం కాలేదు. రష్యాతో పాత నన్-లూగర్ ఒప్పందం 2013లో ముగిసింది. 2023లో న్యూ స్టార్ట్ ఒప్పందంలో తన భాగస్వామ్యాన్ని రష్యా నిలిపేసింది. అయినా అప్పటికి 7,600కు పైగా వార్‌హెడ్లు నిర్వీర్యమయ్యాయి, 900కు పైగా ఖండాంతర క్షిపణులు ధ్వంసమయ్యాయి. స్నేహం చెడినా ఆ క్షిపణులు మళ్లీ లేచి రావు.

మీకేముంది ఇందులో?

చాలానే ఉంది. ఈ రంగానికి ఒకే డిగ్రీ అంటూ లేదు. ఈ కార్యక్రమానికి అమెరికా రక్షణ శాఖలో ఊపిరిపోసిన ఆష్టన్ కార్టర్ చదివింది భౌతికశాస్త్రం. తర్వాత ఆయన ఆ దేశ రక్షణ మంత్రి అయ్యారు.

సైన్స్, ఇంజినీరింగ్ వారికి: వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో, అంటే ఐఏఈఏలో తనిఖీ అధికారులు, విశ్లేషకులు ఉంటారు. అణుపరీక్షలను పసిగట్టే సీటీబీటీఓ కూడా అక్కడే ఉంది. రసాయన ఆయుధాల నిషేధ సంస్థ హేగ్‌లో ఉంది. ఇంటర్న్‌షిప్‌ల కోసం వాటి వెబ్‌సైట్లను చూస్తుండండి. అణు రంగంలో పీజీ చేసే అమ్మాయిలకు ఐఏఈఏ మేరీ క్యూరీ ఫెలోషిప్ ఇస్తోంది. మన దేశంలో పునాది వేసుకోవాలంటే బార్క్ శిక్షణ మంచి దారి. హైదరాబాద్‌లోని ఎన్ఎఫ్‌సీ, ఈసీఐఎల్ లాంటి సంస్థలు మన గడప ముందే ఉన్నాయి.

ఆర్ట్స్ వారికి: ఢిల్లీ జేఎన్‌యూలో అంతర్జాతీయ రాజకీయాలు, నిరాయుధీకరణకు ప్రత్యేక కేంద్రం ఉంది. సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్‌లో చేరితే ఒప్పందాల బల్ల దగ్గరే కూర్చోవచ్చు.

భాషల వారికి: ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో రష్యన్ ఒకటి. హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ నేర్చుకునే వీలుంది. సైన్సు తెలిసి రష్యన్ కూడా వచ్చినవాళ్లు అరుదు. అరుదైనదానికే కదా విలువ!

పరీక్షలకు గుర్తుంచుకోండి

• నన్-లూగర్ చట్టం: 1991 డిసెంబరు
• లిస్బన్ ప్రొటోకాల్: 1992 మే
• త్రైపాక్షిక ప్రకటన: 1994 జనవరి
• బుడాపెస్ట్ మెమొరాండం: 1994 డిసెంబరు
• అణుపరీక్షల వ్యతిరేక అంతర్జాతీయ దినం: ఆగస్టు 29. 1991లో సెమిపలాటిన్‌స్క్ పరీక్షా కేంద్రాన్ని మూసేసిన రోజు ఇదే.
• ఎన్‌పీటీ మీద భారత్ సంతకం చేయలేదు. ఎందుకో మీ మాటల్లో 150 పదాల్లో రాసి చూడండి. మెయిన్స్‌కు పనికొస్తుంది.