చదివారు సరే.. రాసేదెలా?

పదో తరగతి తెలుగు పరీక్షలో పెద్ద ప్రశ్న కనిపించగానే విద్యార్థి గైడులోని జవాబును గుర్తు తెచ్చుకుంటాడు. ప్రశ్న కాస్త మారితే కలం ఆగిపోతుంది. లేదంటే అడిగింది వదిలి కథంతా అప్పజెప్పి పుట నింపుతాడు. రెండు తెలుగు రాష్ట్రాలూ పదో తరగతి పరీక్షలను నిరంతర సమగ్ర మూల్యాంకనం పద్ధతిలోకి మార్చినప్పుడు ‘అవగాహన-ప్రతిస్పందన’కు ప్రాధాన్యమిచ్చాయి. బట్టీకి లొంగని ప్రశ్నలు వచ్చాయి. వాటికి జవాబు రాయడం మాత్రం ఎవరో ఒకరు నేర్పితేనే వస్తుంది.

గురజాడ అప్పారావు 1910 నాటి కథ ‘దిద్దుబాటు’నే తీసుకుంటే, సాని పాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. ఉత్తరం దొరుకుతుంది. ‘కమలిని భర్తను ఎలా దిద్దింది?’ అని అడిగితే, ఉత్తరం రాసి మంచం కింద దాక్కుందని రాసి ముగించేవారే ఎక్కువ. అది కథాసారమే తప్ప జవాబు కాదు. జవాబులో విద్యార్థి అభిప్రాయం, దానికి పాఠంలోని ఆధారం, ఆ రెంటినీ కలిపే వివరణ ఉండాలి. కమలిని నిందించకుండానే భర్త తన తప్పు తెలుసుకొనేలా చేసిందనడం అభిప్రాయం. ఉత్తరంలో ‘ప్రియా’కు బదులు ‘అయ్యా’ అని సంబోధించడం ఆధారం. పిల్లలు తడబడేది ఆ తరువాతే. ఆధారం చూపి ‘కాబట్టి’ అని ఊరుకుంటారు. ‘కాబట్టి ఏమిటి?’ అని ఉపాధ్యాయుడు అడగాలి. తిట్టి ఉంటే ఎదురు తిరిగేవాడేమో గానీ, ఆ ఒక్క పిలుపులో భార్య దూరమైందన్న భయం పుట్టి తన తప్పు తనకే కనిపించిందని విద్యార్థి సొంత మాటల్లో చెప్పగలిగితే పేరా దానంతటదే పెరుగుతుంది.

ఇది ఒక్కరోజులో పట్టుబడదు. ముందు నోటితో చెప్పించాలి. కమలిని చేసింది సబబేనా అని తరగతిని రెండు జట్లుగా వాదించనివ్వాలి. తరువాత ఉపాధ్యాయుడే నల్లబల్లపై ఒక పేరా రాస్తూ, ఎక్కడ ఆగి ఆలోచించిందీ, ఏ వాక్యం ఎందుకు కొట్టివేసిందీ పైకి చెప్పాలి. సిద్ధం చేసుకున్న జవాబును బల్లపై ఎక్కించడం వేరు, ఇది వేరు. మొదట్లో అయిదారు వాక్యాలు చాలు. ప్రతి అక్షరదోషానికీ ఎర్రసిరా పూస్తే పిల్లలు మళ్లీ గైడు వైపే చూస్తారు.

యాభై మంది ఉన్న తరగతిలో అన్ని నోటుపుస్తకాలు దిద్దడం ఎలాగన్న ప్రశ్న న్యాయమైనదే. రోజుకు పదింటిని తీసుకొని, ఒక్కోదానిపై ‘ఇది పాఠంలో ఎక్కడుంది?’ వంటి ఒకే ప్రశ్న రాసి తిరిగి ఇవ్వవచ్చు. మిగిలినవి పక్క విద్యార్థులు చదివి అదే ప్రశ్న అడుగుతారు. మార్కులు మాత్రం తిరగరాసిన ప్రతికే వేయాలి.