తొలి హామీ ఎవరిది?



విజయవాడ ఆటోనగరులో మోటారు విడిభాగముల దుకాణమున పదియేండ్లు పనిచేసిన ఒక గుమాస్తా సొంతముగా కొట్టు పెట్టదలచినాడనుకొందము. ఏ లారీకి ఏ భాగము సరిపోవునో అతనికి కంఠపాఠము. చేతిలో కొంత పొదుపును ఉన్నది. అయినను టోకు వర్తకుడు క్రొత్తవానికి సరకు అరువీయడు. కొట్టు యజమాని పెద్ద అడ్వాన్సు అడుగును. అప్పిచ్చువారు హామీదారుని చూపుమందురు. ఈ చిక్కులకు మూలమొక్కటే: ఇతడు నమ్మదగినవాడని చెప్పువారు లేకుండుట. ధనపు కొరతకన్న ఇది పెద్ద కొరత. దీనిని ఒంటరిగా తీర్చుకొనుట దుర్లభము. నలుగురు కలసినచో తీరును.

ఇందులకు మన బజారులలో చిరకాలముగా ఉన్న సాధనము చీటీ. మన గుమాస్తాతో కలసి ఇరువదిమంది, నెలకు 1,000 రూపాయల చొప్పున 20 నెలల చీటీ వేసిరనుకొనుడు. ప్రతినెలయు 20,000 రూపాయలు పోగగును. దానిని పాటలో పెట్టుదురు. అవసరముగల గుమాస్తా 4,000 వదలుకొని పాడినచో అతనికి 16,000 ముట్టును. వదలుకొన్న సొమ్ములో నిర్వాహకుని కమీషను నూటికి 5 వంతున 1,000 పోగా, మిగిలిన 3,000 తలకు 150 చొప్పున అందరికిని చెందును. అనగా ఆ నెల ఒక్కొక్కరు 850 మాత్రమే చెల్లింతురు. అక్కరగలవానికి ముందుగా మూలధనము, ఆగగలవానికి పొదుపుపై లాభము. 1982 నాటి కేంద్ర చట్టము చీటీలకు నమోదును విధించినది. కమీషను గరిష్ఠ పరిమితిని 2019 సవరణ 5 నుండి 7 వంతులకు పెంచినది.

అయితే ముఖ్యమైన ఘట్టము పాట ముగిసిన పిదప వచ్చును. సొమ్ము తీసికొన్నవాడు తక్కిన వాయిదాలకు హామీ చూపవలెను. అందులకు సంతకము చేయువాడు తరచు తోటి వర్తకుడే. ఆ సంతకము చేసినవాడే టోకు వర్తకునితో ఒక మాట చెప్పును, తన వద్దలేని సరకునకై వచ్చిన బేరమును క్రొత్త కొట్టునకు పంపును. క్రొత్త వ్యాపారము నిలుచుట ఈ మాటవలననే.

కాని చీటీ ఎరిగినవారి నడుమనే సాగును. ఒక వీధి, ఒక కులము, ఒక బంధువర్గము దానికి ఎల్లలు కావచ్చును. ఊరికి క్రొత్తవాడును, వర్తక కుటుంబమున పుట్టనివాడును, పలుమార్లు స్త్రీయును గుమ్మము వెలుపలనే నిలిచిపోవుదురు.

ఎరుగనివారికి పరిచయము కల్పించుటయే నేటి సంఘముల ముఖ్య కార్యము. 1992లో కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీలో, భారత ఉపఖండపు మూలములుగల వ్యాపారులును సాంకేతిక నిపుణులును 'టై' అను సంఘమును స్థాపించిరి. అనుభవజ్ఞులు క్రొత్తవారికి సలహా చెప్పుట, పెట్టుబడిదారులతో కలుపుట దాని పద్ధతి. హైదరాబాదులోను దాని శాఖ కలదు. ఆ నగరముననే 2015 నవంబరు 5న టీ-హబ్ ప్రారంభమైనది. తెలంగాణ ప్రభుత్వముతో ట్రిపుల్ ఐటీ, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము చేతులు కలిపినవి. ఒకదానికి సాంకేతికము, ఒకదానికి వ్యాపారము, ఒకదానికి న్యాయము తెలియును. ఏ ఒక్కరివద్దను లేనిది కూటమివద్ద లభించుననుటకు ఇది నిదర్శనము.

చిన్న ఊళ్ల వర్తక సంఘములు ఇంతటి భవనములను కట్టనక్కరలేదు. ఏటేట ఒక్క క్రొత్తవానికైనను, తమ బంధుకోటికి వెలుపలివానికి, తోడుపడిన చాలును. హామీ గుడ్డిది కారాదు. వాయిదా తప్పినచో భారము పూచీపడినవానిదే. కావున మొదట కొద్ది సరకు అరువిచ్చి, గడువునకు సొమ్ము వచ్చినచో మరికొంత పెంచవలెను. నేడు గట్టిగా నిలిచిన కొట్టులవారు తమ తొలి పద్దును ఒక్కమారు తిరుగవేసి చూచుకొందురుగాక. అందులో అరువిచ్చినవారి పేరొకటి తప్పక కనబడును. ఆ ఋణము తీర్చుటకు గుమ్మమున నిలిచిన క్రొత్తవానికన్న తగినవాడెవడు?