పెంగ్విన్ల దీవిలో పోస్టాఫీసు



ఉద్యోగరీత్యా మారుమూల ఊళ్ళకు బదిలీ అయి వెళ్ళినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. బస్సు రాని ఊరు, కరెంటు లేని ఊరు చూసినవాళ్ళూ ఉంటారు. ఈరోజు నేను చెప్పబోయే చోటికి రోడ్డే లేదు. కుళాయి లేదు, చెట్టు లేదు. కాని పోస్టాఫీసు మాత్రం ఉంది. అక్కడ ఇంటివాళ్ళు పెంగ్విన్ పక్షులు. మనుషులు చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్ళు.

ఆ చోటి పేరు పోర్ట్ లాక్‌రాయ్. దక్షిణ అమెరికా కొనకు దక్షిణంగా, వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాక, అంటార్కిటికా ద్వీపకల్పం పక్కన ఒక చిన్న రాతి దీవిలో ఉంది. దీవి మొత్తం సుమారు ఒక ఫుట్‌బాల్ మైదానమంత. రెండో ప్రపంచయుద్ధకాలంలో, 1944లో, బ్రిటిష్‌వారు రహస్యంగా ఇక్కడ స్థావరం కట్టారు. యుద్ధం ముగిశాక అది పరిశోధనాకేంద్రమైంది. రాత్రిపూట మీ రేడియోలో దూరపు స్టేషన్లు వినిపిస్తాయి కదా, అందుకు కారణమైన అయనోస్ఫియర్ అనే పైపొరను అక్కడ అధ్యయనం చేశారు. 1962లో మూతపడిన ఆ భవనాన్ని 1996లో బాగుచేసి, మ్యూజియంగా, తపాలా కార్యాలయంగా తెరిచారు.

ప్రతి ఏటా నవంబరు నుంచి మార్చి దాకా, అంటే అక్కడి వేసవిలో, కొద్దిమంది సిబ్బంది వెళ్ళి ఉంటారు. వేసవి అన్నాను గాని, వెళ్ళగానే మొదటి పని పారలు పట్టుకుని మంచు తవ్వడమే. 2022లో వెళ్ళిన బృందానికి ఆ పని ఒంటిచేత్తో కాలేదు. భవనాలు మంచులో కూరుకుపోయి ఉంటే, బ్రిటిష్ నౌకాదళంవారి ప్రొటెక్టర్ అనే ఓడ సిబ్బంది వచ్చి సాయం చేశారు.

మరి రోజు ఎలా గడుస్తుంది? డిసెంబరులో అక్కడ పూర్తిగా చీకటి పడదు. అందుకని గడియారం చూసి పడుకోవాలి, గడియారం చూసి లేవాలి. ఉదయం మెట్లమీద, దారిలో పడిన పెంగ్విన్ రెట్టను కడిగి ఊడవాలి. ఈ పక్షులు క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవుల్ని తింటాయి కనుక రెట్ట గులాబిరంగులో ఉంటుంది. ఆ వాసన బట్టలకు, జుట్టుకు పట్టేస్తుంది. స్నానం చేద్దామంటే నీళ్ళగొట్టం లేదు. యాత్రికుల ఓడ వచ్చి పిలిచినప్పుడే స్నానం. తాజా కూరగాయలు, పండ్లు కూడా ఓడవాళ్ళు ఇస్తేనే.

ఓడ దిగినవాళ్ళకు మ్యూజియం చూపాలి, స్టాంపులు అమ్మాలి, ఉత్తరాలమీద ముద్ర కొట్టాలి. ఒక సీజనులో వేలకొద్దీ పోస్టుకార్డులు వెళతాయి. అవి ఓడెక్కి ఫాక్‌లాండ్ దీవులకు, అక్కడినుంచి బ్రిటన్‌కు చేరి, ఆ తర్వాత దేశదేశాలకు వెళతాయి. ఇలాంటి పోస్టాఫీసు మనకూ ఉండేది. అంటార్కిటికాలో భారతదేశపు మొదటి కేంద్రమైన దక్షిణ గంగోత్రిలో 1984లో తపాలా కార్యాలయం పెట్టారు. ఆ తర్వాత ఆ కేంద్రం మంచులో కూరుకుపోయింది. ఇప్పుడు మైత్రి, భారతి అనే కేంద్రాలలో మనవాళ్ళు పనిచేస్తున్నారు.

ఇక పెంగ్విన్ల సంగతి. ఇక్కడివి జెంటూ జాతివి. గులకరాళ్ళను ఒక్కొక్కటే ముక్కున కరిచి తెచ్చి గూడు పేరుస్తాయి. పక్కగూటి రాయిని దొంగిలించడమూ ఉంది. సాధారణంగా రెండు గుడ్లు పెడతాయి. తల్లి, తండ్రి వంతులవారీగా ఐదువారాలపాటు పొదుగుతాయి. మంచు ఆలస్యంగా కరిగితే రాళ్ళు బయటపడవు, గుడ్లు పెట్టడం వెనకబడుతుంది. పిల్లలు ఎదిగేలోపు చలి వచ్చేస్తుంది.

సిబ్బంది గూళ్ళు లెక్కపెడతారు, తర్వాత గుడ్లు, ఆ తర్వాత పిల్లలు. దీవిలో కొంత భాగానికే యాత్రికులను పోనిస్తారు. తక్కిన భాగం పక్షులకే వదిలేశారు. రెండుచోట్ల లెక్కలు పోల్చి చూస్తే మనిషి రాకవల్ల పక్షికి కీడు జరుగుతున్నదా లేదా అన్నది ఏటేటా తెలుస్తూ ఉంటుంది.

ఈ ఉద్యోగంలో అన్నింటికన్నా కష్టమైనది చలి కాదు, చేతులు కట్టుకుని నిలబడటం. స్కువా అనే పెద్ద పక్షి గూటిమీద వాలి గుడ్డును ఎత్తుకుపోతుంది. కళ్ళముందే జరుగుతుంది. అదిలిస్తే పోతుంది కూడా. కాని అదిలించకూడదు. స్కువాకూ పిల్లలున్నాయి. పైగా మనిషి చెయ్యి పడితే ఆ లెక్కకు విలువ ఉండదు. పెంగ్విన్‌కు ఐదు మీటర్ల దూరం పాటించాలి. అదే ఎదురొస్తే ఆగి దారి ఇవ్వాలి.

ఈమధ్య ఇంకో భయం వచ్చింది. కోళ్ళను చంపే బర్డ్ ఫ్లూ 2023లో దక్షిణ జార్జియా దీవుల దగ్గరా, 2024లో అంటార్కిటికా ప్రధానభూభాగంమీదా కనిపించింది. అందుకని ఒడ్డున దిగినవాళ్ళు నేలమీద కూర్చోకూడదు, సంచి కింద పెట్టకూడదు. దిగేముందూ, ఎక్కేటప్పుడూ బూట్లు శుభ్రంగా కడగాలి.

మార్చిలో పోస్టాఫీసుకు తాళం వేసి అందరూ ఓడెక్కుతారు. తెచ్చిన చెత్తను కూడా వెంట తీసుకుపోతారు. చుట్టంగా వెళ్ళినవాడు ఇంటివాళ్ళను ఇబ్బంది పెట్టకుండా ఉండి, ఇల్లు ఇల్లులా వదిలి రావాలని మన పెద్దలు చెబుతారు. భూమి చివర ఆ దీవిలో జరిగే ఉద్యోగం సారాంశం కూడా అదే.